ఆఫ్రికా దేశాలకు పంపే రసాయనాలకు భద్రతా సమాచార పత్రం: ఒకే పత్రం అన్ని దేశాలకూ సరిపోతుందా?

ప్రశ్న: రేణిగుంట ల్యాబ్

మిత్రులందరికీ నమస్కారం. నేను రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడలోని ఒక చిన్న రసాయన పరిశ్రమలో నాణ్యతా విభాగం చూస్తున్నాను. చిత్తూరు, బంగారుపాళ్యం, పుత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో పైపులు, ట్యాంకులు, ఎవాపరేటర్లు కడగడానికి వాడే ద్రావణాలను మా సంస్థ పదకొండేళ్లుగా సరఫరా చేస్తోంది. మేము తయారు చేసేవి ప్రధానంగా మూడు రకాలు: 45 శాతం కాస్టిక్ సోడా ద్రావణం, గార తొలగించడానికి 15 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన ద్రావణం, 10 శాతం క్లోరిన్ ఉన్న సోడియం హైపోక్లోరైట్, అంటే అందరూ హైపో అని పిలిచేది.

ఇక్కడి ఫ్యాక్టరీలలో యంత్రాలు బిగించిన ఒక ఇంజనీరు తరువాత ఆఫ్రికాలో పండ్ల రసాల కర్మాగారాలకు పనిచేయడానికి వెళ్లి, అక్కడివారికి మా సరుకు గురించి చెప్పారు. ఆయన మాట మీద దక్షిణాఫ్రికా, కెన్యా, మొజాంబిక్ నుంచి చిన్న చిన్న ఆర్డర్లు వచ్చాయి. ముగ్గురు కొనుగోలుదారులూ ముందుగా అడిగింది సేఫ్టీ డేటా షీట్ (ఎస్‌డిఎస్), అంటే రసాయనం వల్ల కలిగే ప్రమాదాలనూ తీసుకోవాల్సిన జాగ్రత్తలనూ చెప్పే భద్రతా సమాచార పత్రం. మా దగ్గర ఉన్నది 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలలోని తొమ్మిదో షెడ్యూలు నమూనాలో తయారుచేసిన రెండు పేజీల కాగితం. అది చాలదని వాళ్లు మర్యాదగానే తిప్పి పంపారు.

ఒక సలహాదారుణ్ని సంప్రదిస్తే, "ఆఫ్రికా ఎస్‌డిఎస్" అనే పేరుతో ఒక్కో ఉత్పత్తికి పన్నెండు పేజీల పత్రం ఇచ్చారు. చదువుతూ పోతే, వర్తించే చట్టాలు రాయాల్సిన పదిహేనో విభాగంలో యూరోపు చట్టాలు తప్ప మరొకటి లేదు. పదార్థాల కూర్పు చెప్పే మూడో విభాగంలో మాకు సంబంధంలేని ఎవరిదో యూరోపు రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంది. ఎక్కడినుంచో తెచ్చి పేరు మార్చారని అర్థమైంది. డబ్బు చెల్లించేశాం కాబట్టి వాడేద్దామని మా యజమాని అంటున్నారు, నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.

ఎందుకు ఒప్పడం లేదో చెప్పాలి. రెండేళ్ల కిందట, తోతాపురి కాయ ముమ్మరంగా దిగే రోజుల్లో, మా సరుకు వాడే ఒక ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు కొత్తగా వచ్చిన కుర్రాడు మా కాస్టిక్ ద్రావణాన్ని సిల్వరు బకెట్‌లోకి వంచుకున్నాడు. అది బుసబుసా పొంగి అతని ముంజేతుల మీద పడింది. తెల్లవారి నేను వెళ్లి చూస్తే ఆ బకెట్ అడుగు జల్లెడలా ఉంది. మేము ఇచ్చిన కాగితంలో "చేతి తొడుగులు ధరించండి" అని ఉంది గానీ, అల్యూమినియం పాత్ర వాడకూడదన్న ఒక్క ముక్క లేదు. ఆ కాగితం రాసింది నేనే. మళ్లీ అలాంటి కాగితాన్ని మూడు దేశాలు దాటించి పంపడానికి నేను సిద్ధంగా లేను.

నా ప్రశ్నలు ఇవి. ఆఫ్రికా దేశాలన్నింటికీ ఒకే పత్రం చెల్లుతుందా? చెల్లకపోతే, ప్రతి దేశానికీ మొదటినుంచి రాయాలా, లేక కొన్ని భాగాలు మారిస్తే చాలా? మొజాంబిక్‌కు భాష విషయంలో ఏం చేయాలి?

జవాబు 1: చిత్తూరు సేఫ్టీ

అమ్మా, మీకు మనసు ఒప్పకపోవడమే సరైనది. ఆ పన్నెండు పేజీలను పక్కన పెట్టేయండి.

ఆఫ్రికా అంతటికీ వర్తించే రసాయనాల చట్టం ఏదీ లేదు. ఎవరి చట్టం వారిది, ఎవరి అధికార సంస్థ వారిది. వాటన్నింటికీ అడుగున ఉన్న ఉమ్మడి నేల మాత్రం ఒకటుంది. అది ఐక్యరాజ్యసమితి రూపొందించిన జిహెచ్‌ఎస్, అంటే రసాయనాల వర్గీకరణకూ లేబుళ్లకూ ప్రపంచమంతా ఒకే తీరు ఉండాలన్న విధానం. దాని తొలి ముద్రణ 2003లో వచ్చింది, ఆ తరువాత రెండేళ్లకోసారి సవరిస్తున్నారు. పత్రంలో పదహారు విభాగాలు ఉండాలని, అవి ఫలానా వరుసలోనే ఉండాలని నిర్ణయించింది అదే. మారిషస్ 2004లోనే తన ప్రమాదకర రసాయనాల చట్టంలోకి దీన్ని తెచ్చుకుంది. దక్షిణాఫ్రికా 2021లో తెచ్చిన ప్రమాదకర రసాయన కారకాల నిబంధనలతో దీన్ని పని స్థలాలన్నింటికీ తప్పనిసరి చేసింది. తక్కిన దేశాలు ఒక్కొక్కటి ఒక్కో మెట్టు మీద ఉన్నాయి.

అందువల్ల పత్రాన్ని రెండు పొరలుగా ఊహించుకుని పని మొదలుపెట్టండి. లోపలి పొర మీ మిశ్రమానిది: ప్రమాదాల వర్గీకరణ, పదార్థాల కూర్పు, ప్రథమ చికిత్స, భౌతిక ధర్మాలు, స్థిరత్వం, విష ప్రభావం, పర్యావరణ ప్రభావం. మీ కాస్టిక్ డర్బన్‌లో ఉన్నా మొంబాసాలో ఉన్నా కాస్టిక్కే కాబట్టి ఇది దేశాన్ని బట్టి మారదు. పై పొర దేశానిది: ఒకటో విభాగంలోని సరఫరాదారు వివరాలు, ఎనిమిదో విభాగంలోని గాలి పరిమితులు (పనిచేసే చోట గాలిలో రసాయనం ఎంతవరకు ఉండవచ్చో చెప్పేవి), పదమూడులోని వ్యర్థాల పారవేత, పదిహేనులోని చట్టాలు. లోపలి పొరను ఒక్కసారి, ఎంత సమయం పట్టినా సరే, మీ సొంత కొలతలతో రాయండి. పై పొరను దేశానికొకటి చొప్పున మార్చండి.

యూరోపు పత్రాన్ని ఎందుకు నకలు చేయకూడదో మీ ఫాస్ఫారిక్ ద్రావణమే చెబుతుంది. యూరోపు నిబంధనలలో ఫాస్ఫారిక్ ఆమ్లానికి ప్రత్యేక గాఢతా పరిమితులు ఉన్నాయి. 25 శాతం, ఆపైన ఉంటేనే చర్మాన్ని కాల్చేదిగా లెక్క, 10 నుంచి 25 లోపు ఉంటే దురద, మంట కలిగించేది మాత్రమే. మీది 15 శాతం కనుక యూరోపు పత్రంలో అది "వార్నింగ్" అన్న మాటతో, ఆశ్చర్యార్థక చిహ్నంతో వచ్చి ఉంటుంది. ఆ ప్రత్యేక పరిమితులు యూరోపువి. ఐక్యరాజ్యసమితి మూల పద్ధతిలో పిహెచ్ 2 గానీ అంతకంటే తక్కువ గానీ, లేదా 11.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న మిశ్రమాన్ని, అది హాని చేయదని చూపే ఆధారం మీ దగ్గర లేనంత వరకు, చర్మాన్ని కాల్చేదిగానే పరిగణించాలి. మీ ద్రావణం పిహెచ్ కొలవండి, ఒకటికి అటూ ఇటూగా రాకపోతే నేను ఆశ్చర్యపోతాను. అప్పుడు లేబుల్ మీద రావలసింది "డేంజర్" అన్న మాట, చేతినీ లోహాన్నీ తినేస్తున్న బొమ్మ, చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుందని చెప్పే హెచ్ 314 అనే ప్రమాద వాక్యం. రెండింటి మధ్య ఉన్న తేడా కాగితం మీద చిన్నది. డబ్బా మూత తెరిచేవాడు కళ్లజోడు పెట్టుకుంటాడా, పెట్టుకోడా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

హైపో పత్రంలో కూడా చూడండి. "ఇయుహెచ్ 031" అన్న సంకేతం కనిపిస్తే అది యూరోపు సొంతంగా చేర్చుకున్న వాక్యం. ఆమ్లం తగిలితే విషవాయువు వెలువడుతుందని దాని భావం. సంకేతాన్ని తీసేయండి గానీ సంగతిని తీసేయకండి. మీరు ఆమ్లాన్నీ హైపోనూ ఒకే కొనుగోలుదారుకు అమ్ముతున్నారు. ఒకటి పోసిన పైపులో నీళ్లతో కడగకుండా రెండోది పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది రెండో విభాగంలో అదనపు ప్రమాదాల కింద, పదో విభాగంలో కలపకూడని పదార్థాల కింద, మామూలు మాటల్లో, రెండు ఉత్పత్తుల పత్రాల్లోనూ ఉండాలి.

మీ బకెట్ సంగతికి వస్తాను. కాస్టిక్ అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది, ఆ పొంగు అదే. జిహెచ్‌ఎస్‌లో దీనికి ప్రత్యేకంగా "లోహాలను తినివేయవచ్చు" అనే వర్గం, హెచ్ 290 అనే వాక్యం ఉన్నాయి. 55 డిగ్రీల దగ్గర ఉక్కును గానీ అల్యూమినియాన్ని గానీ ఏడాదికి 6.25 మిల్లీమీటర్లకు మించిన వేగంతో తినేస్తే ఆ వర్గంలోకి వస్తుంది. ఉక్కు పీపాలో పెడితే ఏమీ కాలేదని చాలామంది దీన్ని వదిలేస్తారు, రెండు లోహాల్లో ఏ ఒక్కటి పోయినా చాలని గమనించరు. పదో విభాగంలో "అల్యూమినియం, జింకు పాత్రలు, వాటి పూత ఉన్న పాత్రలు వాడరాదు, మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది" అని రాసి, ఏడో విభాగంలో ఏ పాత్ర వాడాలో కూడా చెప్పండి.

దక్షిణాఫ్రికా పత్రానికి పదిహేనో విభాగంలో 1993 నాటి వృత్తి ఆరోగ్య భద్రతా చట్టం, దాని కింద వచ్చిన 2021 నిబంధనలు పేర్కొనండి. 1995 నాటి పాత నిబంధనల పేరు రాసిన పత్రాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటి స్థానంలోనే కొత్తవి వచ్చాయి. ఎనిమిదో విభాగానికి మన దేశపు పరిమితులను ఎత్తి రాయకండి. ఆ 2021 నిబంధనలకు జతచేసిన పట్టికల్లో పదార్థం పేరు వెతికి, అక్కడున్న విలువ తీసుకోండి. కెన్యాకు 2007 నాటి వృత్తి భద్రతా ఆరోగ్య చట్టం వర్తిస్తుంది, రసాయనంతోపాటు పత్రం ఇవ్వాల్సిన బాధ్యతను అది సరఫరాదారు మీదే పెట్టింది. దానికి తోడు కెన్యా ప్రమాణాల సంస్థ తరఫున సరుకు ఇక్కడ బయలుదేరక ముందే తనిఖీ జరిపి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. ఆ తనిఖీ చేసేవారు లేబుల్‌నూ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రేపు టాంజానియా నుంచి ఆర్డరు వస్తే, అక్కడ 2003 నాటి పారిశ్రామిక, వినియోగ రసాయనాల చట్టం, దాన్ని అమలు చేసే ప్రభుత్వ రసాయన ప్రయోగశాల ఉన్నాయి.

ఒకటో విభాగం గురించి ఒక మాట. అత్యవసర ఫోన్ దగ్గర మీ రేణిగుంట ఆఫీసు నంబరు ఒక్కటే పెట్టకండి. డర్బన్‌లో రాత్రి పది గంటలకు ఎవరి కంట్లోనైనా పడితే మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అవుతుంది. మీ గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరు ఉంటారు? దిగుమతిదారు పేరు, అక్కడి చిరునామా, ఆ దేశంలో రాత్రీ పగలూ పలికే నంబరు అడిగి తీసుకోండి. ఇవ్వలేనన్న దిగుమతిదారుకు సరుకు పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు 2: తిరుపతి నుంచి రేవుకు

నేను తిరుపతివాణ్నే, పదహారేళ్లుగా చెన్నైలో ప్రమాదకర సరుకుల సముద్ర రవాణా పత్రాలు చూస్తున్నాను. పై జవాబులో రవాణా వివరాలుండే పద్నాలుగో విభాగం ప్రస్తావన లేదు కాబట్టి దాని గురించి మాత్రం రాస్తాను. కంటైనరు ఆగేది ఎక్కువగా అక్కడే.

ప్రమాదకర సరుకులను రవాణాలో గుర్తించే యుఎన్ సంఖ్యలు ఇవి: మీ కాస్టిక్ ద్రావణానికి యుఎన్ 1824, ఫాస్ఫారిక్ ద్రావణానికి యుఎన్ 1805, హైపోకు యుఎన్ 1791. మూడూ ఎనిమిదో తరగతే, అంటే తినివేసే పదార్థాలే. అయినంత మాత్రాన మూడింటినీ ఒకే కంటైనరులో పక్కపక్కన పేర్చవచ్చని అనుకోకండి. హైపోను ఆమ్లాలకు దూరంగా ఉంచాలని సముద్ర రవాణా నియమావళే చెబుతుంది. ముగ్గురు కొనుగోలుదారులవీ కలిపి ఒకే కంటైనరుతో ఖర్చు తగ్గించుకుందామనుకుంటే, హైపోను విడిగా పంపే ఏర్పాటు ముందే చూసుకోండి.

ఇప్పుడు మీరు సరుకు నింపే ఒక క్యాన్ తెచ్చి మీ బల్ల మీద పెట్టుకోండి. అడుగునో పక్కనో ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి గుర్తు, దాని పక్కన "3హెచ్1/వై1.4" లాంటి వరుస. 3హెచ్1 అంటే పైభాగం ఊడిరాని ప్లాస్టిక్ క్యాన్. వై అంటే రెండు, మూడు ప్యాకింగ్ గ్రూపుల (ప్రమాద తీవ్రతను బట్టి చేసిన విభజన) సరుకుకు పనికివస్తుందని. ఆ 1.4 అన్నది ఆ క్యాన్‌ను ఎంత సాంద్రత ఉన్న ద్రవానికి పరీక్షించారో చెప్పే అంకె. మీ 45 శాతం కాస్టిక్ సాంద్రత 1.48 దగ్గర ఉంటుంది, అది రెండో ప్యాకింగ్ గ్రూపు సరుకు. అంటే మీ పత్రం తొమ్మిదో విభాగంలో మీరే రాసిన సాంద్రత, మీ క్యాన్ ఆ సరుకుకు చాలదని సాక్ష్యం చెబుతుంది. నేను పనిచేసిన ఒక సరుకు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. షిప్పింగ్ కంపెనీ అధికారి తొమ్మిదో విభాగం మీద వేలు పెట్టి, క్యాన్ ఫోటో మీద వేలు పెట్టి, మాటలేమీ లేకుండా కాగితాలు తిప్పి ఇచ్చారు. నూట ఎనభై క్యాన్లు ఖాళీ చేసి మళ్లీ నింపాల్సి వచ్చింది.

ఆ వరుసలోనే తయారీ సంవత్సరం కూడా ఉంటుంది. ప్రమాదకర ద్రవాలకు ప్లాస్టిక్ క్యాన్లు, డ్రమ్ములు మామూలుగా తయారైన నాటినుంచి అయిదేళ్ల వరకే చెల్లుతాయి. మీ గోడౌన్‌లో పాత క్యాన్లు మిగిలి ఉంటే వాటిని ఇక్కడి వాడకానికి కూడా కాస్త ఆలోచించే వాడండి. కొత్తవి కొనేటప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ పరీక్షా ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

హైపో క్యాన్లకు గాలి పోయే మూతలు వాడండి. ఎండలో నిలిచిన కంటైనరులో హైపో విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది, బిగుతు మూత ఉంటే క్యాన్ పొట్ట ఉబ్బుతుంది. రేవు చేరే సరికి క్లోరిన్ శాతం కూడా తగ్గుతుంది కాబట్టి మూడో విభాగంలో "10 శాతం" అని ఒకే అంకె కాకుండా, తయారీ నాటికీ వాడకం గడువు నాటికీ మధ్య నిజంగా ఉండే పరిధిని రాయండి. అదే పరిధి లేబుల్ మీద కూడా ఉండాలి. లేబుల్ ఒకటి, పత్రం ఒకటి చెబితే రెండింటినీ నమ్మరు.

రేణిగుంట ల్యాబ్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం పిహెచ్ చూశాను, 1.1 వచ్చింది. క్యాన్లు కూడా చూశాను, మావి వై1.4 అనే ఉన్నాయి. ఇంతకాలం ఆ అక్షరాలను క్యాన్ తయారీదారు గుర్తు అనుకున్నాను.

మరొక సందేహం. కాస్టిక్‌లో మేము కొద్దిగా సోడియం గ్లూకోనేట్, నురగ అణిచే ఒక పదార్థం కలుపుతాం. ఈ పాళ్లు బయటపెడితే పోటీదారులు తయారు చేసుకుంటారని యజమాని భయం. మూడో విభాగంలో అన్నీ రాయాలా?

చిత్తూరు సేఫ్టీ

అన్నీ రాయనక్కర లేదు. మూడో విభాగం మీ ఫార్ములా కాదు, ప్రమాదానికి కారణమయ్యే పదార్థాల చిట్టా. కాస్టిక్ సోడాకు రసాయనాన్ని గుర్తించే సిఎఎస్ సంఖ్య 1310-73-2, గాఢతా పరిధి తప్పక ఉండాలి. గ్లూకోనేట్ వర్గీకరణలోకి వచ్చే పదార్థం కాదు కనుక వదిలేయవచ్చు. నురగ అణిచేదాని విషయంలో మాత్రం దాని సరఫరాదారు ఇచ్చిన పత్రం తెప్పించి చూసి, అందులో వర్గీకరణ ఉంటే మీ గాఢత దగ్గర అది లెక్కలోకి వస్తుందో లేదో చూడండి. కాల్చే గుణం ఉన్న పదార్థం పేరును వ్యాపార రహస్యమంటూ దాచడాన్ని నేను ఒప్పుకోను. కాలిన చేతికి కట్టు కట్టే డాక్టరు ముందుగా అడిగేది ఆ పేరే.

జవాబు 3: మపూటో తెలుగు

ఆలస్యంగా చూశాను. మాది శ్రీకాళహస్తి, మొజాంబిక్ రాజధాని మపూటోలో ఏడేళ్లు ఒక శీతల పానీయాల కర్మాగారంలో నిర్వహణ విభాగంలో పనిచేసి వచ్చాను. భాష గురించి నాకు తెలిసినది చెబుతాను.

మొజాంబిక్ అధికార భాష పోర్చుగీసు. ఇంగ్లీషు పత్రం పంపితే మేనేజరు చదువుతారు, ఫైలులో పెడతారు. పైపు కడిగే మనిషికి అందులో ఒక్క మాట అర్థం కాదు. కాబట్టి పత్రమూ లేబులూ పోర్చుగీసులోనే ఉండాలి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఐక్యరాజ్యసమితి జిహెచ్‌ఎస్ గ్రంథాన్ని తన ఆరు అధికార భాషలలో, అంటే అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్‌లలో ఇస్తుంది, పోర్చుగీసు ఆ ఆరింటిలో లేదు. రేపు సెనెగల్‌కో ఐవరీ కోస్టుకో పంపితే ఫ్రెంచ్ వాక్యాలు అందులోనే దొరుకుతాయి, మొజాంబిక్, అంగోలాలకు అలా దొరకవు. దానికి దారి ఏమిటంటే, యూరోపు వర్గీకరణ నిబంధనల అనుబంధాలలో హెచ్ (ప్రమాద), పి (జాగ్రత్త) వాక్యాలన్నీ యూరోపు భాషలన్నింటిలో అచ్చయి ఉన్నాయి, పోర్చుగీసు కూడా వాటిలో ఉంది. పై పెద్దవారు చెప్పినట్టు యూరోపు వర్గీకరణను నకలు చేయకండి గానీ, మీ వర్గీకరణ మీరు చేసుకున్న తరువాత ఆ సంకేతాలకు పోర్చుగీసు వాక్యాలను అక్కడినుంచి అక్షరం పొల్లుపోకుండా తీసుకోండి. "డేంజర్" అన్న మాటకు అక్కడ "పెరీగు" అంటారు.

సొంతంగా అనువాదం చేయించుకుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మా కర్మాగారానికి వేరే దేశం నుంచి వచ్చిన ఒక కాస్టిక్ పత్రం నాలుగో విభాగంలో, మింగితే ఏం చేయాలో చెప్పే చోట, "వాంతి చేయించండి" అని ఉంది. పి 331 వాక్యం చెప్పేది వాంతి చేయించవద్దని. పోర్చుగీసులో "వద్దు" అనే మాట మూడక్షరాలది, అనువాదంలోనో టైపులోనో జారిపోయింది. కాస్టిక్ మింగినవాడికి వాంతి చేయిస్తే అది గొంతును రెండోసారి కాలుస్తుంది. మా స్టోరు కీపరు, పెద్ద చదువు లేని మనిషి, పాత సరఫరాదారు కాగితంతో పోల్చి చూసి ఆ పొరపాటు పట్టుకున్నాడు. మీ పత్రం వచ్చాక నాలుగో విభాగాన్ని పోర్చుగీసు తెలిసిన వేరొకరిచేత తిరిగి ఇంగ్లీషులో చెప్పించుకుని వినండి. మీకు అభ్యంతరం లేకపోతే ఆ ఒక్క పేజీ నాకు పంపండి, నేను చదివి చెబుతాను.

రేణిగుంట ల్యాబ్

అయ్యా, తప్పకుండా పంపుతాను. మా యజమానికి క్యాన్ అడుగునూ పిహెచ్ మీటరునూ చూపించాక ఆ పన్నెండు పేజీల పత్రం మాట మళ్లీ ఎత్తలేదు. కాస్టిక్‌కు వై1.6 గుర్తు ఉన్న క్యాన్లకు ఆర్డరు పెట్టాం. హైపోను ఈ విడత ఆపాం. డర్బన్ దిగుమతిదారు రాత్రి పలికే నంబరు ఇచ్చారు, నిన్న మన టైము పదకొండున్నరకు, అంటే వాళ్లకు రాత్రి ఎనిమిదికి, చేసి చూశాను, రెండో రింగుకే ఎత్తారు. కాస్టిక్ పత్రం లోపలి పొర రాయడం మొదలుపెట్టాను. ముందుగా పదో విభాగం రాశాను.